ఆర్మీనియావాళ్ళ ఎరుపు

ఇటివ్వమ్మా ఆ శాలువా. మంటకి మరీ దగ్గరగా కూర్చున్నావు, నిప్పురవ్వ పడితే ఇక అంతే సంగతులు. యెరెవాన్‌లో కొన్నానన్నావు కదూ? ఏదీ, తిరగేయనీ. బట్టని ఎప్పుడూ తిరగేసే చూడాలి. పైవైపు అందరూ బాగానే చేస్తారు.

ఇదిగో, ఈ దానిమ్మపండు బొమ్మ దగ్గర ఎర్ర పోగు వెనక్కెళ్ళి, నాలుగు పోగులు దాటి మళ్ళీ పైకొచ్చింది. ఎక్కడా తెగి వేలాడట్లేదు. అంచు ఒక్కచోట కాస్త లోపలికి లాగింది, అంటే చేత్తో నేసిందే. కుచ్చులోంచి ఒక్క పోగు తీస్తున్నా, ఏమనుకోకు. ఒరే చిన్నోడా, దీన్ని నిప్పుకి తగిలించు. చూశావా, వెంట్రుక కాలిన వాసన! బూడిద వేళ్ళ మధ్య పొడైపోయింది, ముద్దకట్టలేదు. మంచి ఉన్ని. ఎరుపు మాత్రం డబ్బా రంగులాగే ఉంది. ఆర్మీనియావాళ్ళ అసలు ఎరుపు సంగతి వేరు.

మీరెవరూ పుట్టకముందు, సోవియట్ రోజుల్లో, చేనేత సంఘాలవాళ్ళని కొందరిని అక్కడికి పంపితే అందులో నేనూ ఉన్నా. పెడనలో అద్దకం చేసుకునేవాడికి విమానం! మీ మామ్మ వారం రోజులు ఏడ్చింది. అరారత్ కొండ ఎదురుగా తెల్లగా కనపడుతుంది, కానీ అది వాళ్ళది కాదు, సరిహద్దుకి అవతల టర్కీలో ఉంది. ఆ కొండ కింది మైదానంలో, చౌడు నేలలో, గడ్డివేళ్ళని పట్టుకుని ఒక పురుగు బతుకుతుంది. వోర్దన్ కర్మిర్ అంటారు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, పొద్దున్నే, ఆ ఆడపురుగులు నేలమీదికొస్తాయి. ఎండ ముదిరితే మళ్ళీ కనపడవు. ఆ కాస్త వేళలోనే వంగి ఒక్కొక్కటీ ఏరుకోవాలి. ఎండబెట్టి, నూరి, రంగు తీస్తే అదీ ఎరుపంటే! ఉన్నికి అదే, పట్టుకి అదే, తాటాకుల బదులు వాళ్ళు రాసుకున్న తోలు పుస్తకాల్లో బొమ్మలకీ అదే. ఆర్తాషాత్ అని పాత రాజధాని ఒకటుంది. అరబ్బులు దాన్ని ఆ ఎరుపు పేరు పెట్టే పిలిచేవారట. తర్వాత ఆ చౌడు నేలల్ని చాలావరకు సాగులోకి తెచ్చారు, పురుగుకి చోటు లేకుండా పోయింది. చివరికి 1987లో కొంత నేలని దానికోసమే విడిచిపెట్టి కాపలా పెట్టారు. పురుగుకి అభయారణ్యం! నవ్వకండి. మనకి ఎరుపునిచ్చే చిరివేరుకి ఆ మాత్రం కూడా ఎవరూ చెయ్యలేదు.

వాళ్ళది పురుగు, మనది వేరు. పటిక లేకపోతే రెండూ పట్టవు. బందరు చుట్టుపక్కల ఇసుక నేలల్లో దొరికే చిరివేరుకి ఎంత పేరుండేదంటే, దాని ఎరుపు కోసం ఓడలొచ్చేవి. ఆ ఓడల్లో ఆర్మీనియావాళ్ళూ వచ్చారు.

అదెలాగంటే, 1604, 1605 ప్రాంతంలో పర్షియా రాజు షా అబ్బాస్ జుల్ఫా అనే ఊరు ఊరంతటినీ లేపి తన రాజధాని ఇస్ఫహాన్ పక్కకి తోలుకుపోయాడు. ఇల్లు పోయింది కానీ వ్యాపారం చేతిలో ఉంది. అక్కణ్ణుంచి గోల్కొండ, బందరు, మద్రాసు దాకా పాకారు. హైదరాబాదు ఉప్పుగూడలో వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మద్రాసులో వాళ్ళ పేరుమీద వీధే ఉంది, 1772లో కట్టిన చర్చి ఉంది. ప్రపంచంలో వాళ్ళ భాషలో మొట్టమొదటి పత్రిక అచ్చయింది ఎక్కడనుకున్నావు? మద్రాసులోనే, 1794లో. మీ కాలేజీలో ఈ మాట చెప్పి చూడు.

మన తీరంలో వాళ్ళు కలంకారీ కొనడమే కాదు, పురమాయించి రాయించుకునేవారు కూడా. వాళ్ళ చర్చిల్లో బలిపీఠం ముందు తెర కడతారు. ఆ తెరల మీద ఏసు కథలు, పక్కన ఆర్మీనియన్ అక్షరాలు, అన్నీ మన తీరపు పనివాళ్ళ కలంతోనే. ఆ లిపి మనవాళ్ళకి చదవొచ్చి ఉంటుందా? చూసి గీసుంటారు. ఇచ్చిన దాత పేరు అందంగా రాశారు. కరక్కాయ నీళ్ళలో, గేదెపాలలో బట్ట నానబెట్టి నెలల తరబడి చేసినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు. ఈ విషయంలో నాకు ఈనాటికీ కోపమే.

ఎందుకంటే వాళ్ళలో ఆడవాళ్ళు పేరు నేసుకున్నారు. గోహర్ అని ఒకమ్మాయి, మూడొందల ఏళ్ళ పైమాటే, తివాచీలోనే తన పేరు ముడులు వేసింది. కొత్తగా పని నేర్చుకున్న చేతులతో నేశాను, చదివినవాళ్ళు నాకోసం ఒక్క మాట ప్రార్థించండి అని. ఆ తివాచీ చేతులు మారి మారి ఎక్కడెక్కడికో పోయింది, పేరు మాత్రం చెరగలేదు.

ఒంటిమీది బట్టలోనూ అంతే పట్టింపు. పెళ్ళయిన ఆడది నడుముకి ముందుగుడ్డ కట్టకుండా వీధిలోకి రాకూడదట. మ్యూజియంలో వాటినే ఎక్కువసేపు చూశా. ఎర్ర ఉన్ని, దానిమీద అంగుళం ఖాళీ వదలకుండా పని. ఆ కుట్టూ ఆ రంగూ చూసి ఏ ఊరి పిల్లో చెప్పేసేవారట. పెళ్ళిలో ఎరుపూ ఆకుపచ్చా దారాలు పేని దంపతులకి కడతారు, మన కంకణంలాగ.

ఆ ఊళ్ళే తర్వాత లేకుండా పోయాయి. 1915లో ఒట్టోమన్ ప్రభుత్వం లక్షల మంది ఆర్మీనియావాళ్ళని చంపించింది, మిగిలినవాళ్ళని సిరియా ఎడారికి నడిపించింది. తల్లీ తండ్రీ లేని పిల్లలు లెబనాన్‌లో గజీర్ అనేచోట అనాథాశ్రమంలో తేలారు. అమెరికావాళ్ళ సాయంతో నడిచేది. అక్కడ నాలుగువందల మంది ఆడపిల్లలు పద్దెనిమిది నెలలు కూర్చుని ఒక్క తివాచీ నేశారు. ముడులెన్నో తెలుసా? నలభై లక్షల పైన! జంతువులు, చెట్లు, పువ్వులు, మొత్తం ఒక తోట. అందులో కన్నీళ్ళ బొమ్మ ఒక్కటీ లేదు. 1925లో అమెరికా అధ్యక్షుడు కూలిడ్జ్‌కి పంపారు, వైట్‌హౌస్‌లో పరిచారు. పదవి దిగాక ఆయన ఇంటికి తీసుకుపోయాడు, 1982లో ఆ కుటుంబం తిరిగిచ్చింది. ఆ తర్వాత చాలాకాలం గిడ్డంగిలోనే. ఊచకోత అనే మాట ఎత్తితే టర్కీతో పేచీ వస్తుందని వెనకాడారని చెప్పుకునేవారు. 2014లో కొన్ని రోజులు జనానికి చూపించారు. నలభై లక్షల ముడులు వేసిన పిల్లలకి ఆ కొన్ని రోజులు!

ఇప్పుడు ఆ తివాచీల్లోని తిరుగుడు చక్రాన్నీ, రాతి శిలువల మీది అల్లికనీ శాలువాల్లోకి, కోట్లలోకి ఎక్కిస్తున్నారు. నాకు నచ్చింది. గోడకి తగిలిస్తే చూసినవాళ్ళే చూస్తారు, ఒంటిమీదుంటే బస్సులో పక్కనున్నవాడు కూడా అడుగుతాడు. ధర మాత్రం నాకు చెప్పకు, మీ నాన్నకి చెప్పుకో.

ఒక్కటే లోటు కనపడుతోంది. ఈ చీటీ మీద కొట్టు పేరుంది, బొమ్మ వేసినాయన పేరుంది, ఉతకొద్దని కూడా ఉంది. నేసినామె పేరు ఏదీ? సెలవులయ్యాక వెళ్ళినప్పుడు ఆ కొట్టుకెళ్ళి అడుగు. చెప్తే ఓ కాగితం మీద రాసుకొచ్చి నాకు చూపించు. చెప్పకపోతే రెండోది కొనకు. ఏరా చిన్నోడా, ఆ పుల్లలు ఇంకాస్త ఎగదొయ్యి, చలి ముదిరింది.