సంతానలేమి: కారణాలు, చికిత్సా మార్గాలు
జీడిమెట్ల కార్మిక కుటుంబాల దృష్ట్యా ప్రత్యేక వ్యాసం

గర్భనిరోధక సాధనాలు వాడకుండా సంవత్సరం పాటు కాపురం చేసినప్పటికీ గర్భం దాల్చకపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సంతానలేమిగా నిర్వచించినది. ప్రతి ఆరుగురిలో సుమారు ఒకరికి జీవితకాలంలో ఈ సమస్య ఎదురవుతున్నదని 2023 ఏప్రిల్‌లో ఆ సంస్థ వెల్లడించినది. భార్య వయస్సు 35 దాటినచో ఆరు నెలలకే వైద్యుని సంప్రదించవలసి ఉంటుంది.

సుమారు సగం కేసులలో పూర్తిగానో పాక్షికంగానో పురుషుని లోపం కారణమవుతున్నది. అయినప్పటికీ నింద భార్యపైననే పడుచున్నది. పరీక్షలు కూడా ఆమెతోనే మొదలవుతున్నాయి. నిజానికి వీర్యపరీక్ష అన్నిటికంటే సులువైనది, ఖర్చు తక్కువైనది, శస్త్రచికిత్సతో పని లేనిది. రెండు నుండి ఏడు రోజుల బ్రహ్మచర్యం అనంతరం నమూనా ఇవ్వవలెను. 2021లో ప్రచురితమైన ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల వీర్యకణాలు కనీస స్థాయి. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పరాదు. వీర్యకణం తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది గనుక, లోపం కనిపించినచో తగిన వ్యవధి తర్వాత మరల పరీక్షించవలెను.

హైదరాబాద్ ఉత్తర భాగాన గల జీడిమెట్ల పారిశ్రామికవాడ వంటి చోట్ల ఈ అంశానికి మరింత ప్రాధాన్యం ఉన్నది. వృషణాలు శరీర ఉష్ణోగ్రత కంటే 2 నుండి 4 డిగ్రీల తక్కువ వేడిలో పనిచేస్తాయి. కొలిమి, బాయిలర్ల వద్ద ఏళ్ల తరబడి పనిచేసేవారిలోను, సీసం, కొన్ని ద్రావకాలకు గురయ్యేవారిలోను వీర్యనాణ్యత తగ్గే అవకాశం ఉన్నది. 1977లో అమెరికాలోని కాలిఫోర్నియాలో డి.బి.సి.పి. అనే పురుగుమందు తయారుచేసే కార్మికులలో వంధ్యత్వం బయటపడినది. తమకు పిల్లలు కలగడం లేదని తొలుత గుర్తించినది కార్మికులే. ఆ మందు భారతదేశంలో నిషిద్ధం. ప్రతి కేసుకూ పరిశ్రమే కారణమని దీని అర్థం కాదు. భర్త చేసే పని ఏమిటన్నది మాత్రం వైద్యుడు అడగవలెను, అడగకున్నచో దంపతులే చెప్పవలెను. వెరికోసీల్ అనే సిరల వాపు, పొగాకు, మద్యం, మధుమేహం ఇతర కారణాలు. కండల కొరకు వాడే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు మగతనాన్ని పెంచుతాయన్నది అపోహ; అవి వీర్యకణాల ఉత్పత్తినే నిలిపివేయగలవు.

స్త్రీలలో అండం సక్రమంగా విడుదల కాకపోవడం (పి.సి.ఓ.ఎస్., థైరాయిడ్ లోపాలు), ఫెలోపియన్ నాళాలు మూసుకుపోవడం, ఎండోమెట్రియోసిస్ ముఖ్య కారణాలు. మన దేశంలో జననాంగ క్షయ వలన నాళాలు దెబ్బతినడం అరుదు కాదు. క్షయ మందులు ప్రభుత్వమే ఉచితంగా అందజేస్తున్నది.

చికిత్స సులువైన దానితో ఆరంభం కావలెను. బరువు తగ్గడం, అండం విడుదలకు లెట్రోజోల్ వంటి మాత్రలు, అవసరమైనచో లాపరోస్కోపీ, పిదప ఐ.యు.ఐ., చివరగా ఐ.వి.ఎఫ్. వీర్యకణాలు బాగా తక్కువైన వారికి 1992 నుండి ఇక్సీ పద్ధతి అందుబాటులో ఉన్నది. నాళాలు రెండూ మూసుకుపోయినచో నేరుగా ఐ.వి.ఎఫ్. అవసరపడవచ్చును. ఇట్టి కారణం లేకుండా తొలి మెట్లను దాటవేయడం వలననే అనేక కుటుంబాలు అప్పులపాలవుతున్నాయి. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023 అక్టోబరులో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రం ప్రారంభమైనది.

2022 జనవరి 25 నుండి అమలులో ఉన్న సహాయక పునరుత్పత్తి సాంకేతిక చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని క్లినిక్‌లు ఈ సేవలు అందించరాదు. స్త్రీకి 21 నుండి 50, పురుషునికి 21 నుండి 55 సంవత్సరాల వయోపరిమితి ఉన్నది. లిఖితపూర్వక సమ్మతి తప్పనిసరి. లింగ ఎంపిక నేరం. వాణిజ్య సరోగసీని వేరొక చట్టం నిషేధించినది. సరోగసీ పేరిట వేరొకరి శిశువును అప్పగించారన్న ఆరోపణపై 2025 జూలైలో సికింద్రాబాద్‌లో కేసు నమోదైనది. ఆ దంపతులకు అనుమానం తీరినది డి.ఎన్.ఎ. పరీక్షతోనే.