గ్రెప్ : నామవిచారము

యూనిక్స్ అను కంప్యూటరు వ్యవస్థయందు మీటలపై ఆజ్ఞలు కొట్టి నడపదగిన చిన్న ఉపకరణములు పెక్కులు గలవు. అందు గ్రెప్ అనునది సుప్రసిద్ధము. అయినను పేరు వినినంత మాత్రమున దాని పని బోధపడదు. శాసనములలోని అపరిచితపదమును ప్రయోగమునుబట్టియు, పూర్వశాసనములలోని సామ్యమునుబట్టియు నిర్ణయించునట్లే దీనిని గూడ నిర్ణయింపవచ్చునని యీ వ్యాసమున జూపెదను.

మొదట ప్రయోగమును విచారింతము. ఒక పదమును, ఒక ఫైలును ఇచ్చినచో గ్రెప్ ఆ పదము గల పంక్తులను మాత్రము వరుసగా జూపి తక్కినవానిని విడిచిపెట్టును. అట్టి పంక్తి యొక్కటియు లేనిచో మౌనము వహించును. ఇందుచే పని తెలిసినది గాని పేరు తెలియలేదు.

ఈ పేరు 'జనరలైజ్డ్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ పార్సర్' అను మాటల మొదటి యక్షరముల కూర్పని కొందరందురు. పార్సర్ అనగా వాక్యమును అంగములుగా విడదీయునది. గ్రెప్ మనకు జూపునది విభాగమును గాదు, పంక్తులను. కావున నీ వ్యుత్పత్తి ప్రయోగమునకు సరిపడదు.

ఇక గ్రంథసాక్ష్యము. 1973 నవంబరు నాటి యూనిక్స్ కరదీపిక నాలుగవ కూర్పున గ్రెప్ మొదట గానవచ్చుచున్నది. అంతకు బూర్వమే కెన్ థాంప్సన్ రచించిన ఎడ్ అను పాఠసంస్కరణ సాధనము వాడుకలో నుండెను. అందు జి/ఆర్‌ఇ/పి అను రూపము గల ఆజ్ఞ యున్నది. జి యనగా గ్లోబల్, ఫైలంతట. ఆర్‌ఇ యనగా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, వెదకవలసిన అక్షరముల మచ్చు. పి యనగా ప్రింట్, చూపుము. ఈ యాజ్ఞ నొసగినను అవే పంక్తులు వచ్చును. నడిమి గీతలను దొలగించినచో గ్రెప్ అను పేరే మిగులును. మఱియు ఎడ్‌లో జి స్థానమున వి యుంచినచో మచ్చు లేని పంక్తులు వచ్చును. గ్రెప్‌నకు వి యను గుర్తు చేర్చినను అదియే ఫలము. ఇట్టి రెండవ సామ్యము యాదృచ్ఛికమనుట కష్టము.

ఎడ్‌లో నున్న పనికి వేఱొక ఉపకరణ మేల? అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున థాంప్సన్ సహచరులైన యిద్దరు దీనికి సమాధానము చెప్పిరి. డగ్లస్ మెక్‌ఇల్రాయ్ తాను వెదకు సాధనమును వేఱుగా గోరితిననియు, థాంప్సన్ మఱునాడే యిచ్చెననియు జెప్పెను. థాంప్సన్ వద్ద ఎస్ అను పేర నట్టి సాధనము ముందే యుండెను. దానినే సవరించి యిచ్చెను. బ్రయన్ కెర్నిహాన్ చెప్పినది వేఱు. 1787-88లో వెలువడిన 85 ఫెడరలిస్టు వ్యాసములలో కొన్నిటి కర్తృత్వము వివాదగ్రస్తము. లీ మెక్‌మాహన్ వానిని పరిశోధింపబూనగా ఆ పాఠము ఎడ్‌లో నిముడలేదు. ఈ కథనములు పరస్పరవిరుద్ధములు గావు. ఒక సాధనమును పలువురు గోరవచ్చును. రెండింటను తేలునది మాత్ర మొక్కటే: వెదకుట యను పని సంస్కరణమునుండి వేఱుపడవలసి వచ్చెను.

కావున గ్రెప్ అను పేరు కల్పితపదము గాదు, పూర్వాజ్ఞయొక్క యవశేషము. దాని పుట్టుకకు గల కారణములలో నొకటి సాహిత్యకర్తృత్వ నిర్ణయమగుట మన పరిశోధకులు గుర్తింపదగిన విశేషము.