వట్టం నుంచి మార్కప్ దాకా: నెల్లూరు తీరంలో డబ్బు మార్పిడి ఖర్చు

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- ఒక రాజ్యపు నాణెం మరో రాజ్యంలో చెల్లుబాటు కావడానికి అయ్యే ఖర్చు ఎలా పుట్టిందో వివరించగలుగుతారు.
- షరాబు తీసుకున్న వట్టానికీ, నేటి బ్యాంకు తీసుకునే మార్కప్‌కూ గల పోలికను, తేడాను గుర్తించగలుగుతారు.
- డెబిట్ కార్డుతో విదేశీ కరెన్సీ కొన్నప్పుడు నిజంగా ఎంత ఖర్చయిందో లెక్కకట్టగలుగుతారు.

2. పరిచయం

నెల్లూరు తీరం నుంచి ఉద్యోగాల కోసం గల్ఫ్ దేశాలకు, చదువుల కోసం అమెరికాకు, ఓడల మీద పనికి ఇతర రేవులకు వెళ్ళేవారు మీ ఊళ్ళోనూ ఉండవచ్చు. ప్రయాణానికి ముందు వారు చేసే పనుల్లో ఒకటి రూపాయలిచ్చి డాలర్లో దీనార్లో కొనడం. బ్యాంకు కౌంటరులో డెబిట్ కార్డు గీస్తారు, రసీదు తీసుకుంటారు. రసీదులో సేవా రుసుము వంద రూపాయలని ఉంటే, ఖర్చు అంతేనని అనుకుంటారు. అసలు ఖర్చు అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. అది రుసుము అనే గడిలో కాక, మారకపు రేటులో దాగి ఉంటుంది.

ఇది కార్డులతో వచ్చిన కొత్త విషయం కాదు. డబ్బు సరిహద్దు దాటిన ప్రతిసారీ మధ్యలో ఒకరు నిలబడి కొంత మినహాయించుకున్నారు. ఆ మినహాయింపు ఎప్పుడు బహిరంగంగా ఉంది, ఎప్పుడు దాగి ఉంది అన్నదే ఈ పాఠంలో మనం పరిశీలించే ప్రశ్న.

3. రోమన్ నాణెం, నెల్లూరు నాగలి

1786 ప్రాంతంలో నెల్లూరు సమీపంలో ఒక రైతు రాతిగుట్ట పక్కన దున్నుతుండగా నాగలికి ఇటుక కట్టడం అడ్డుతగిలింది. తవ్వి చూస్తే అది ఒక చిన్న గుడి శిథిలం. దాని కింద ఒక ముంతలో క్రీ.శ. 2వ శతాబ్దపు రోమన్ బంగారు నాణేలు దొరికాయి. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయి ఉంటాయి. ఆర్కాటు నవాబు కుమారుడు అమీర్-ఉల్-ఉమ్రా ముప్పైకి పైగా నాణేలను తిరిగి సంపాదించాడు. ఆ సమయంలో మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటిలో నుంచి హేడ్రియన్ నాణెం ఒకటి, ఫాస్టినా నాణెం ఒకటి ఎంచుకున్నాడు. ఆయన రాసిన వివరణ ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ రెండవ సంపుటంలో అచ్చయింది. కొన్ని నాణేలు అప్పుడే టంకశాల నుంచి వచ్చినట్లు మెరుస్తున్నాయనీ, కొన్నింటికి రంధ్రాలు ఉన్నాయనీ, వాటిని ఆభరణాలుగా ధరించి ఉంటారనీ ఆయన రాశాడు.

ఈ సంఘటనలో మనకు కావలసిన పాఠం ఒకటుంది. రోమ్‌లో ఆ నాణేనికి విలువనిచ్చింది చక్రవర్తి ముద్ర. మన తీరానికి చేరాక ఆ ముద్రకు అధికారం లేదు. ఇక్కడ దాని విలువ బరువు, బంగారపు స్వచ్ఛత మాత్రమే. బరువు తూచేవాడు, స్వచ్ఛత చూసేవాడు అవసరమయ్యాడు. ఆ పని ఉచితంగా జరగదు.

అయితే మార్పిడిలో ఎప్పుడూ తెచ్చినవాడే నష్టపోతాడని అనుకోకూడదు. 1వ శతాబ్దపు గ్రీకు రచన ‘పెరిప్లస్’ పశ్చిమ తీరంలోని బరిగజ, అంటే నేటి భరూచ్ రేవు గురించి చెబుతూ, రోమన్ బంగారు, వెండి నాణేలను స్థానిక నాణేలుగా మార్చుకుంటే లాభం వస్తుందని వర్తకులకు తెలియజేసింది. మార్పిడి లాభం ఎవరికి దక్కుతుందన్నది, ఎవరి డబ్బుకు గిరాకీ ఉందన్న దాని మీద ఆధారపడుతుంది.

4. రాతి మీద చెక్కిన రేటు

13వ శతాబ్దంలో నెల్లూరు రాజధానిగా తెలుగు చోడులు పాలించారు. కృష్ణపట్నం రేవుకు గండగోపాలపట్టణం అనే పేరు ఉండేది. గండగోపాలుని పేరు గల మాడలు కాంచీపురం ప్రాంతపు శాసనాల్లో కూడా కనిపిస్తాయి. మాడ అంటే బంగారు నాణెం. ఏ మాడతో చెల్లించాలో శాసనాలు పేరుపెట్టి చెప్పడాన్ని గమనించండి. అన్ని మాడలూ ఒకే నాణ్యం గలవి కాకపోవడమే దీనికి కారణం. నాణ్యం అనే మాటలోనే నాణెం వినిపిస్తుంది. ఒక విషయం మంచిచెడ్డలు తేల్చడానికి మనం వాడే ‘గీటురాయి’ కూడా బంగారాన్ని గీసి పరీక్షించే రాయే.

ఇదే కాలంలో, నెల్లూరు తీరానికి ఉత్తరంగా చీరాలకు దగ్గరలోని మోటుపల్లి రేవులో, కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అభయశాసనం వేయించాడు. పూర్వపు రాజులు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల్లోని సరుకును బలవంతంగా స్వాధీనం చేసుకునేవారు. తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని గణపతిదేవుడు ప్రకటించాడు. ఎగుమతి, దిగుమతులపై సుంకం ముప్పయ్యింట ఒక వంతు. ఇది నాణెం మార్పిడి రుసుము కాదు, సరుకు మీది సుంకం. అయినా మన చర్చకు ఇది ముఖ్యం. సుంకం తక్కువ కావడం ఒక్కటే ఇందులో విశేషం కాదు. అది ఎంతో రేవులో దిగకముందే వర్తకుడికి తెలియడం అంతకంటే పెద్ద విశేషం. ఖర్చు ముందే తెలిస్తే వర్తకుడు లెక్క వేసుకోగలడు, బేరం కుదరకపోతే వెనుదిరగగలడు.

5. వరహా, రూపాయి, వట్టం

17వ శతాబ్దంలో యూరపు కంపెనీలు ఈ తీరానికి వచ్చినప్పుడు, మన వస్త్రాలకు బదులుగా ఇవ్వగలిగిన వాటిలో ముఖ్యమైనది వెండి. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1626లో, చిరకాలం నెల్లూరు జిల్లాలో ఉన్న దుర్గరాజపట్నంలో వర్తకస్థానం ఏర్పరచుకుంది. ఆంగ్లేయులు దానిని ఆర్మగాం అని పిలిచారు. అక్కడ అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలాన్ని సంపాదించాడు. ఆ ఒప్పందంలో నాణేలు ముద్రించుకునే హక్కు కూడా ఉంది. ఓడల్లో వచ్చేది స్పానిష్ వెండి, సాలెవారికి చెల్లవలసింది స్థానిక నాణెం. టంకశాల చేతిలో ఉంటే మధ్యవర్తుల మినహాయింపు తగ్గుతుంది. అందుకే కంపెనీకి ఆ హక్కు అంత విలువైనది.

తరువాతి కాలంలో మద్రాసు లెక్కల్లో వరహాకు 42 ఫణాలు, ఫణానికి 80 కాసులు. ఇది పుస్తకంలోని లెక్క. బజారులో నిష్పత్తి మారుతూ ఉండేది. ఏ నాణేన్ని ఎంతకు తీసుకోవాలో షరాబు నిర్ణయించేవాడు. అరిగిన నాణెం, పొరుగు రాజ్యపు నాణెం, పాత ముద్ర నాణెం వంటి వాటిపై అతను తగ్గించుకునే మొత్తాన్ని వట్టం లేదా బట్టా అన్నారు. శిస్తు కట్టే రైతుకు వట్టం అదనపు భారమయ్యేది. వ్యాపారికి రేట్లు తెలుసు. పంట అమ్మిన రోజున చేతికొచ్చిన నాణెంతో శిస్తు కట్టే రైతుకు తెలియవు. తెలిసినవాడు తెలియనివాడి దగ్గర తీసుకునే రుసుమే వట్టం.

1818లో మద్రాసు ప్రెసిడెన్సీ వెండి రూపాయిని ప్రమాణంగా స్వీకరించి, 100 వరహాలకు 350 రూపాయలుగా లెక్క స్థిరపరచింది. 1835 చట్టం కంపెనీ పాలనలోని ప్రాంతాలన్నింటికీ ఒకే రూపాయిని తెచ్చింది. దేశం లోపల వట్టానికి క్రమంగా చోటు తగ్గింది. సరిహద్దు దగ్గర మాత్రం అది మిగిలింది.

6. నేటి షరాబు

1939లో యుద్ధకాలపు నిబంధనలతో విదేశీ మారకంపై నియంత్రణ మొదలైంది. 1947, 1973 చట్టాలు దానిని కొనసాగించాయి. 1999లో చేసిన ఫెమా చట్టం 2000 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చి నియంత్రణ స్థానంలో నిర్వహణను తెచ్చింది. 2004లో రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకాన్ని 25,000 డాలర్ల పరిమితితో ప్రారంభించింది. ఇప్పుడది ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లు. విదేశీ కరెన్సీకి 50,000 రూపాయలకు మించి నగదుగా చెల్లించడం కుదరదు. డెబిట్ కార్డు ఇక్కడే అవసరమవుతుంది.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసమే. మార్కెట్‌లో డాలరు 80 రూపాయలు అనుకోండి. బ్యాంకు 82కు అమ్ముతుంది, 78కి కొంటుంది. మీరు 500 డాలర్లు కొన్నారు.

మార్కెట్ రేటు ప్రకారం విలువ: 40,000 రూపాయలు
బ్యాంకు అమ్మకపు రేటు ప్రకారం: 41,000
సేవా రుసుము: 100
రుసుముపై 18 శాతం జీఎస్టీ: 18
కరెన్సీ మార్పిడిపై జీఎస్టీ: 73.80
మొత్తం: 41,191.80

కరెన్సీ మార్పిడిపై జీఎస్టీకి ఒక ప్రత్యేక పద్ధతి ఉంది. బ్యాంకు దానిని ఎంచుకుంటే, లక్ష రూపాయల వరకు మార్చిన మొత్తంలో 1 శాతాన్ని (కనీసం 250 రూపాయలను) సేవ విలువగా తీసుకొని, దానిపై 18 శాతం పన్ను వేస్తారు. ఇక్కడ 41,000లో 1 శాతం 410, దానిపై పన్ను 73.80.

మీ అదనపు ఖర్చు 1,191.80. అందులో 1,000 రూపాయలు రేటులోనే ఉన్నాయి. ‘కమిషన్ లేదు’ అని బోర్డు పెట్టినచోట మీకు తగ్గేది 118 మాత్రమే. మిగిలిన 100 డాలర్లను తిరిగి అమ్మితే, 8,200కు కొన్నవి 7,800కు పోతాయి.

విదేశంలో నేరుగా కార్డు వాడితే ఈ తేడా మార్కప్ అనే పేరుతో శాతం రూపంలో వస్తుంది, దానిపై జీఎస్టీ అదనం. ఏటీఎంలో తీస్తే మీ బ్యాంకు రుసుము ఒకటి, అక్కడి యంత్రపు రుసుము మరొకటి ఉండవచ్చు. దుకాణంలో యంత్రం ‘రూపాయల్లో చెల్లిస్తారా?’ అని అడిగితే, ఆ రేటును నిర్ణయించేది దుకాణం వైపు సంస్థ. స్థానిక కరెన్సీని ఎంచుకోవడమే సాధారణంగా చవక.

షరాబు వట్టానికి ఒక సమర్థన ఉండేది. అతను నాణేన్ని గీటురాయిపై గీసేవాడు, తూచేవాడు, చెల్లని నాణెం చేతిలో పడే ప్రమాదాన్ని భరించేవాడు. కార్డు లావాదేవీలో గీయవలసిన లోహం లేదు. నోట్ల నిల్వ, రవాణా, రేటు మారే ప్రమాదం, మోసాల నివారణ వంటి ఖర్చులు బ్యాంకుకు నిజంగానే ఉన్నాయి. కాబట్టి రుసుము తీసుకోవడమే తప్పని చరిత్ర చెప్పదు. దానిని రేటులో కలిపి కనబడకుండా చేయడమే ప్రశ్నించవలసిన విషయం.

7. సారాంశం

నాణెం తన రాజ్యం దాటితే దాని విలువను మరొకరు నిర్ణయిస్తారు. ఆ నిర్ణయానికి ఖర్చు ఉంటుంది. మోటుపల్లిలో ఖర్చు రాతి మీద ఉంది. షరాబు బల్ల దగ్గర అది అతని తలలో ఉంది. నేటి కౌంటరులో కొంత రసీదులో, ఎక్కువ భాగం రేటులో ఉంది. అందువల్ల డబ్బు మార్చేముందు ‘రుసుము ఎంత?’ అని అడగడం చాలదు. ‘అన్నీ కలిపి ఇన్ని డాలర్లకు నా ఖాతాలోంచి ఎన్ని రూపాయలు పోతాయి?’ అని అడగండి. అదే ప్రశ్నను రెండు మూడు చోట్ల అడిగి, వచ్చిన జవాబులను పోల్చండి.

8. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నెల్లూరు సమీపంలో దొరికిన రోమన్ నాణేలను రైతు పాత బంగారంగా అమ్మడం నాణెం విలువ గురించి ఏమి తెలియజేస్తుంది?
2. మోటుపల్లి శాసనంలోని సుంకానికీ, షరాబు వట్టానికీ గల ప్రధానమైన తేడా ఏమిటి?
3. పై లెక్కలో బ్యాంకు అమ్మకపు రేటు 81 రూపాయలు, సేవా రుసుము 300 రూపాయలు అయితే మీకు లాభమా, నష్టమా? లెక్కించి చూపండి.