నీలి వలయాల హెచ్చరిక మనకెప్పుడు అర్థమైంది?

ఆస్ట్రేలియా తీరంలో సముద్రం ఆటుకు వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల మధ్య మిగిలే నీటి గుంటల్లో, ఖాళీ గవ్వల్లో, ఎవరో పారేసిన సీసాల్లో సైతం నీలి వలయాల ఆక్టోపస్ తలదాచుకుంటుంది. ఒళ్లు ఐదారు సెంటీమీటర్లకు మించదు, చేతులు మహా అయితే పది. ఇంత చిన్న ప్రాణి కరిస్తే నిండు మనిషికి ఊపిరి ఆగిపోతుంది. ఆ విషానికి విరుగుడు మందు ఈనాటికీ లేదు. అయినా దాని కాటు వల్లే పోయారని కచ్చితంగా నమోదైనవారు ప్రపంచం మొత్తమ్మీద వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఈ రెండు వాస్తవాలనూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించాలి. పత్రికలూ సినిమాలూ మొదటిదాన్ని పట్టుకుని దీనికి హంతకి అని పేరు పెట్టాయి. చరిత్రను కాస్త ఓపికగా చూస్తే తేలేది వేరు. ఈ ఆక్టోపస్ మనిషి మీద దొంగదెబ్బ తీసే జీవి కాదు. తన దగ్గర ఏముందో కరవడానికి ముందే ఒంటి మీద వెలిగించి మరీ చెబుతుంది. ఆ హెచ్చరికను మనుషులు చాలాకాలం అందమనుకున్నారు. అనుకున్నవాళ్లలో శాస్త్రవేత్తలూ ఉన్నారు, సముద్రంలో ఈతకు దిగిన మామూలు కుర్రాళ్లూ ఉన్నారు.

శాస్త్రం దృష్టిలో ఇది కొత్త జీవేమీ కాదు. 1826-29 మధ్య ద్యూమాన్ ద్యుర్విల్ నాయకత్వంలో సాగిన ఫ్రెంచి నౌక ఆస్ట్రోలాబ్ యాత్రలో ఇద్దరు నౌకాదళ వైద్యులు, క్వా, గేమార్, పసిఫిక్ జీవజాలాన్ని సేకరించారు. ఈ కుటుంబంలో ఒక జాతిని వారు 1832లో వర్ణించి పేరు పెట్టారు. 1880ల్లో విలియం ఎవాన్స్ హోయిల్ మరి రెండు రూపాలను నమోదు చేశాడు. 1929లో రాబ్సన్ వీటన్నిటినీ హపలోక్లీనా అన్న ఒకే ప్రజాతి కింద చేర్చాడు. 1938లో బెల్జియంకు చెందిన ఆడమ్ మన బంగాళాఖాతంలోని అండమాన్ దీవుల్లో దొరికిన ఒకే ఒక్క నమూనాను బట్టి నాలుగో జాతిని ప్రకటించాడు. అంటే నూరేళ్లకు పైగా మ్యూజియం బల్లల మీద దీన్ని కొలిచారు, బొమ్మలు గీశారు, వలయాల తీరును బట్టి జాతులుగా విడదీశారు. ఇంత పనిలోనూ ఇది మనిషి ప్రాణం తీయగలదన్న సంగతి బయటపడలేదు. ఆ పండితులను తప్పుపట్టాల్సిన పని లేదు. వారి ముందున్నది సారాయి సీసాలో నిలవచేసిన దేహం. వలయాల గీతలు అందులో మిగులుతాయి, బతికున్నప్పటి ఆ నీలం మిగలదు. ఎప్పుడు వెలుగుతుంది, ఎవరిని చూసి వెలుగుతుంది అన్నది సీసాలో కనిపించే విషయమే కాదు. అసలు సమాచారమంతా అందులోనే ఉంది.

మరోవైపు, ఈ విషం పనిచేసే తీరు మాత్రం అంతకుముందే కాగితాలకెక్కింది. అయితే ఆక్టోపస్ పేరుతో కాదు, చేప పేరుతో. 1774 సెప్టెంబరులో కెప్టెన్ కుక్ నౌక న్యూ కాలెడోనియా దగ్గర లంగరు వేసినప్పుడు స్థానికుల దగ్గర కొన్న ఒక చేప కాలేయాన్నీ గుడ్లనూ కుక్‌, ఆయనతో ఉన్న ఫోర్‌స్టర్ తండ్రీకొడుకులూ కాస్తంత రుచి చూశారు. తెల్లవారుజామున ముగ్గురికీ మెలకువ వచ్చేసరికి ఒళ్లంతా నీరసం, కాళ్లూ చేతులూ తిమ్మిరి. చేత్తో పట్టుకున్న వస్తువు బరువుగా ఉందో తేలికగా ఉందో తెలియలేదని, నిండు నీళ్ల పాత్రా పక్షి ఈకా ఒకేలా అనిపించాయని కుక్ తన దినచర్యలో రాసుకున్నాడు. చేప పేగులు తిన్న పంది ఒకటి పొద్దుటికల్లా చచ్చిపడి ఉంది. స్పృహ తప్పలేదు, నరాలు మాత్రం కబురు మోయడం మానేశాయి. ఈ విషం గుణాన్ని ఇంత తేటగా చెప్పిన పాత రాత నాకు మరొకటి కనబడలేదు. 1909లో జపాన్ శాస్త్రవేత్త యోషిజుమి తహారా ఉబ్బు చేప గుడ్లలోంచి తీసిన ఈ పదార్థానికి టెట్రోడోటాక్సిన్ అని పేరు పెట్టాడు. అలా ఒకవైపు ఆక్టోపస్‌కు పేరుంది, ఇంకోవైపు విషానికి పేరుంది. రెంటికీ లంకె ఉందని మాత్రం ఎవరూ ఊహించలేదు.

ఆ లంకెను వెతికించినది ఒక చావు. 1954 సెప్టెంబరులో ఆస్ట్రేలియా ఉత్తర తీరాన, డార్విన్ దగ్గరి ఈస్ట్ పాయింట్‌లో ఇద్దరు మిత్రులు ఈటెలతో చేపల వేటకు వెళ్లి తిరిగి వస్తున్నారు. ఒకతనికి నీళ్లలో చిన్న ఆక్టోపస్ కనబడింది. దాన్ని పట్టుకుని చేతుల మీద పాకించుకున్నాడు, తర్వాత సరదాగా మిత్రుడి మీదికి వేశాడు. అది అతని భుజం మీద, మెడ వెనక భాగాన కాసేపు ఉండి జారిపోయింది. నొప్పి తెలియలేదు. కొద్దిసేపటికే నోరెండిపోయింది, ఊపిరి కష్టమైంది, వాంతులయ్యాయి, ఇసుక మీదే కూలబడ్డాడు. ఆస్పత్రికి తీసుకువెళుతున్న దారిలో, ఇదంతా ఆ చిన్న ఆక్టోపస్ పనేనని చెప్పింది అతనే. ఆ మాటే అతని చివరి మాటల్లో ఒకటి. ఆస్పత్రిలో శ్వాసయంత్రంలో పెట్టినా లాభం లేకపోయింది. కరిచిన రెండు గంటల లోపే ప్రాణం పోయింది. మరుసటి ఏడాది ఫ్లెకర్, కాటన్ అనే ఇద్దరు ఈ సంఘటనను ఆస్ట్రేలియా వైద్య పత్రికలో ప్రచురించారు. అందులోనూ ఆక్టోపస్‌కు వేరే జాతి పేరే పడింది. నీలి వలయాల జాతిదే ఆ కాటు అయి ఉంటుందని తర్వాతివాళ్లు నిర్ధారణకు వచ్చారు. రాతపూర్వకంగా దొరికే మొదటి మరణం ఇది. బాధితుడు దాని దారికి అడ్డుపడలేదు, దాన్ని తొక్కలేదు. ఆ జీవిని చేతికి ఎత్తుకున్నారు, అంతే.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, వస్తే న్యాయమే. ఆస్ట్రేలియా మూలవాసులు వేల ఏళ్లుగా ఆ తీరాల్లోనే గవ్వలూ పీతలూ ఏరుకుని బతికారు. వాళ్లకు ఇది తెలియకుండా ఉంటుందా? తెలియదని నేను అనను. మన చేతికి దొరికే కాగితాలు యూరోపియన్లు రాసినవి, నా వాదన ఆ కాగితాల వరకే. ఇంకో అభ్యంతరమూ ఉంది. 1954కు ముందు మరణాల నమోదు లేదంటే మరణాలే లేవని అర్థమా? కాకపోవచ్చు. ఈ కాటు చాలాసార్లు నొప్పి పుట్టించదు, గాటు ఆనవాలు అంతంతమాత్రం. నీళ్లలో ఉన్న మనిషికి ఊపిరి ఆగితే చూసేవాళ్లు మునిగిపోయాడనే అనుకుంటారు. డార్విన్ యువకుడు చివరి నిమిషాల్లో నోరు తెరిచి చెప్పకపోతే అతని చావు కూడా అలాగే మరో లెక్కలో కలిసిపోయేది. ఈ జీవి చరిత్రలో 1954 ఒక మలుపు కావడానికి కారణం విషం అప్పుడు పుట్టడం కాదు, సాక్ష్యం అప్పుడు దొరకడం.

సాక్ష్యం దొరికాక కూడా పాఠం వెంటనే ఒంటబట్టలేదు. 1967 జూన్‌లో సిడ్నీ రేవులోని క్యాంప్ కోవ్ దగ్గర ఒక యువ సైనికుడు రాతి గుంటలో దొరికిన చిన్న ఆక్టోపస్‌ను చేతి మీద పెట్టుకున్నాడు. గంటన్నరలో చనిపోయాడు. పదమూడేళ్ల తేడాతో అదే పొరపాటు, అదే ముగింపు. అయితే ఈసారి పరిశోధన ఆగలేదు. మెల్‌బోర్న్ కామన్వెల్త్ సీరం లేబొరేటరీస్‌లో స్ట్రువాన్ సదర్లాండ్, మరో సహ పరిశోధకుడితో కలిసి 1969లో దాని విషం పనిచేసే తీరును వివరించాడు. విషం నోటి దగ్గరి లాలాజల గ్రంథుల్లో ఉందని తేలింది, దానికి మాకులోటాక్సిన్ అన్న కొత్త పేరు వచ్చింది. అంతకుముందే 1964లో టెట్రోడోటాక్సిన్ అణువు నిర్మాణాన్ని వేర్వేరు బృందాలు క్యోటో సమావేశంలో వెల్లడించాయి. కాలిఫోర్నియాలోని ఒక ఉభయచరం విషం కూడా అదేనని తేలింది. అదే ఏడాది నరహాషి బృందం నరాల పొరలోని సోడియం ద్వారాలను ఈ విషం మూసేస్తుందని చూపింది. చివరకు 1978లో షూమాక్, ఆయన సహచరులు సైన్స్ పత్రికలో తేల్చి చెప్పారు: మాకులోటాక్సిన్ అంటే టెట్రోడోటాక్సినే. కుక్ చేతిలో ఈకనూ నీళ్ల పాత్రనూ ఒకటి చేసిన విషమూ, డార్విన్ యువకుడి ఊపిరి ఆపిన విషమూ ఒక్కటే అయ్యాయి. ఆ రెండు సంఘటనల మధ్య గడిచినవి 180 ఏళ్లు.

ఇక ఆ వలయాల సంగతి దగ్గరగా చూద్దాం, ఎందుకంటే నా వాదనకు బలం అక్కడే ఉంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఈ ఆక్టోపస్ రాతి రంగులో, గోధుమ మరకలతో, కంటికి ఆనని విధంగా ఉంటుంది. ఎవరైనా కదిపితే అర సెకను కూడా పట్టకుండా ఒంటి నిండా సుమారు అరవై నీలి వలయాలు వెలుగుతాయి. ఇతర ఆక్టోపస్‌లు రంగు మార్చేది రంగు సంచులతో. ఈ నీలం అలాంటిది కాదు. చర్మంలో పొరలు పొరలుగా పేర్చిన సన్నని ఫలకాలు కాంతిని వెనక్కి విసరడం వల్ల పుట్టే మెరుపు ఇది. 2012లో మాత్‌గర్, సహచరులు దీని యంత్రాంగాన్ని వివరించారు. మామూలు వేళల్లో వలయాల చుట్టూ ఉన్న చర్మాన్ని కండరాలు లోపలికి ముడిచి ఉంచుతాయి, ఆ ముడుతల్లో మెరుపు కనబడదు. భయపడ్డప్పుడు ఆ కండరాలు వదులై, బయటివి బిగుసుకుని, వలయాలు పైకి తెరుచుకుంటాయి. చుట్టూ ఉన్న గోధుమ రంగు మరింత చిక్కబడి నీలాన్ని ఇంకా ఎత్తి చూపుతుంది. హెచ్చరించాలనుకునే జీవి వలయాలను ఎప్పుడూ ఎందుకు చూపదని అడిగేవారుంటారు. కందిరీగ తన చారలను దాచుకోదు కదా! ఎప్పుడూ వెలుగుతూ ఉంటే పీతలూ రొయ్యలూ దగ్గరికి రావు, ఆకలి తీరదు. అందుకే ముందు దాక్కోవడం, తప్పనప్పుడు చెప్పడం. కరవడం ఆ తర్వాతి మాట.

విషం వేటకోసం పుట్టింది, దాన్ని రక్షణ అనడం మనం కట్టిన కథ అని మరికొందరు అంటారు. వేటకు అది పనికొస్తుందన్నది నిజమే. పీతను స్తంభింపజేసి తినడానికి ఆ లాలాజలమే సాధనం. అయితే టెట్రోడోటాక్సిన్ కేవలం నోటి గ్రంథుల్లో లేదు. చేతుల్లో, ఒంట్లో, చర్మంలో, ఆడదాని గుడ్లలో కూడా ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. వేటకైతే నోట్లో ఉంటే చాలు, గుడ్డుకు ఎందుకు? తినబోయేవాడికి అది ఇచ్చే జవాబు అనుకుంటేనే ఈ పంపిణీకి అర్థం కుదురుతుంది. మిగతా ఆక్టోపస్‌లు పారిపోయేటప్పుడు సిరా చిమ్ముతాయి. వీటిలో ఆ సిరా సంచి కుంచించుకుపోయింది. పరుగు మీద పెట్టాల్సిన పెట్టుబడిని ఈ వంశం విషం మీదా వలయాల మీదా పెట్టిందని నేను భావిస్తున్నాను. 2025లో వెలువడిన ఒక పరిశోధన ఇంకో మలుపు చూపింది. వీటిలోనే నీలి గీతలుండే ఒక జాతిలో మగది జత కట్టేటప్పుడు తనకన్నా పెద్దదైన ఆడదాని తల వెనక కరిచి, ఇదే విషంతో కదలకుండా చేస్తుందట, తనను తినేయకుండా. ఒకే పదార్థం తిండికీ, ప్రాణ రక్షణకూ, వంశానికీ ఉపయోగపడుతోంది. దీన్ని కేవలం హత్యాయుధమని పిలవడం ఆ జీవి మీద అన్యాయమే.

మరి మరణాలు ఎందుకు ఇంత తక్కువ? హెచ్చరికను చదవడం నేర్చుకోవడమే కాదు, వైద్యం మారడం కూడా కారణం, ఆ ఘనత ఇవ్వాల్సిందే. ఈ విషం గుండెను నేరుగా ఆపదు, మెదడును మసకబార్చదు. ఊపిరి తీసే కండరాలకు నరాల కబురు అందకుండా చేస్తుంది, అంతే. రోగి స్పృహలోనే ఉంటాడు, అన్నీ వింటాడు, కనురెప్ప కూడా కదపలేడు. సుమారు ఒక రోజులో విషం మూత్రం ద్వారా బయటికిపోయి కండరాలు తేరుకుంటాయి. అప్పటిదాకా ఎవరో ఒకరు అతని కోసం ఊపిరి తీయాలి. మన ఊళ్లలో పాము కరిస్తే ఆస్పత్రిలో ఇంజెక్షన్ ఉందని తెలుసు. ఇక్కడ అలాంటి మందు లేదు. టెట్రోడోటాక్సిన్ చాలా చిన్న అణువు కావడంతో దానికి సీరం తయారుచేయడం కుదరలేదు. అయితే 1954లో నోటితో ఊపిరి ఊదే పద్ధతి ఇంకా ప్రామాణికం కాలేదు. వీపు మీద నొక్కి, చేతులు లేపే పాత పద్ధతులే వాడుకలో ఉండేవి. 1950ల చివర అమెరికాలో పీటర్ సఫర్, జేమ్స్ ఎలామ్ నోటితో ఊదడమే మేలని నిరూపించారు. సఫర్ తన ప్రయోగాల్లో స్వచ్ఛందంగా వచ్చిన వైద్యులకూ విద్యార్థులకూ కండరాలను స్తంభింపజేసే మందు ఇచ్చి, మామూలు మనుషులతో వాళ్లకు ఊపిరి ఊదించి చూశాడు. ఆక్టోపస్ కాటుకు గురైన మనిషి స్థితి సరిగ్గా ఇదే. ఈ జీవి గురించి ఏమీ తెలియకుండానే దీని కాటుకు సరైన చికిత్సను కనిపెట్టారు. తర్వాతి కాలంలో కాటు తిన్నవాళ్లు బతికి బయటపడటంలో దీనిదే పెద్ద పాత్ర.

ఈ వివరాలన్నీ ఇంత స్పష్టంగా తేలాక కూడా ఒక విషయం మారలేదు. అప్పుడప్పుడూ అంతర్జాలంలో కనబడే వీడియోల్లో, తీరానికి వెళ్లిన యాత్రికులు నీలంగా మెరుస్తున్న చిన్న ఆక్టోపస్‌ను అరచేతిలో పెట్టుకుని నవ్వుతూ కనిపిస్తారు. వలయాలు వెలిగాయంటే ఆ జీవి అప్పటికే బెదిరిపోయిందని అర్థం. ఆస్ట్రేలియాలో ఉంటున్న తెలుగు కుటుంబాలూ, అండమాన్‌కు విహారానికి వెళ్లేవారూ పిల్లలకు ఈ ఒక్క సంగతి ముందే చెప్పి పంపండి: రాతి గుంటల్లో చెయ్యి పెట్టవద్దు, ఖాళీ గవ్వలు జేబులో వేసుకోవద్దు, చిన్న ఆక్టోపస్‌ను అసలే ముట్టుకోవద్దు. ఎవరినైనా కరిచి పెదాల తిమ్మిరి మొదలైతే, నొప్పి లేదు కదా అని ఆగకుండా వెంటనే అంబులెన్స్ పిలవండి. ఊపిరి ఆగితే నోటితో ఊదుతూనే ఉండండి, ఆస్పత్రి చేరేదాకా ఆపకండి. అతను వింటూనే ఉంటాడు కాబట్టి, ధైర్యంగా ఉండమని మధ్యమధ్యలో చెబుతూ ఉండండి.