ఇంటి కుక్క - దాని పూర్వోత్తరాలు



నారుమళ్ల సంగతీ, పత్తిలో గులాబిరంగు పురుగు సంగతీ చెప్పుకొనే చోట కుక్క ప్రసక్తి ఏమిటని మీరు అనుకోవచ్చు. నేనూ అట్లా అనుకొన్నవాణ్ణే. వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి. భూసార పరీక్ష, విత్తనశుద్ధి నా పని. గొడ్డూగోదా సంగతి పశువుల డాక్టరుది. ఇక కుక్క సంగతి ఎవరిదీ కాదు. ఈ లెక్క ఎంత తప్పో రెండేళ్ల కిందట ఒక గొర్రెల కాపరి ఇంటి వాకిట్లో నాకు తెలిసివచ్చింది.

వాళ్ల చేలో మట్టి నమూనాలు తీయడానికి ఆ ఎండాకాలం నాలుగైదు సార్లు పోయాను. పోయినప్పుడల్లా ఒక ఎర్ర కుక్కపిల్ల కాళ్లకు చుట్టుకొనేది. నాలుగు నెలలు దాటిన పిల్ల. ఒకనాడు పొద్దున నేను పోయేసరికి ఇంట్లో గోలగా ఉన్నది. ఆ పిల్ల వాళ్ల తొమ్మిదేళ్ల అబ్బాయి ముంజేతిని నెత్తురు వచ్చేటట్లు కరిచింది. నాయనమ్మ గాయంలో మిరపపొడి, సున్నం కలిపి అద్దుతున్నది. "మన ఇంటి కుక్కే గదా సారూ, ఏం గాదు" అన్నది. అబ్బాయిని బోరింగు దగ్గరకు తీసుకుపోయి, సబ్బు పెట్టి పావుగంట సేపు చెయ్యి కడిగించాను. మిరప మంటకు వాడు పెట్టిన కేకలు ఇంకా నా చెవిలో ఉన్నవి. తరువాత మోటారుసైకిలు మీద ఆస్పత్రికి, అక్కడి నుంచి గాయంలో వేసే మందు కోసం జిల్లా ఆస్పత్రికి పోయాము. నాలుగోనాడు కుక్కపిల్ల చొంగ కార్చుకొంటూ, నీళ్లు మింగుడుపడక చచ్చింది. అబ్బాయి బతికాడు. కాని అన్నిసార్లు ఆ వాకిట్లో మజ్జిగ తాగిన నేను, "దీనికి టీకా వేయించారా?" అని ఒక్కనాడైనా అడిగినవాణ్ణి కాను.

అప్పటి నుంచి కుక్క మన గడపకు ఎట్లా వచ్చింది, మనుషులు దాన్ని ఎట్లా సాకుతూ వచ్చారు అని చదవడం మొదలుపెట్టాను. ఆ చదివినదే ఇవాళ మీతో చెప్పుకొంటాను.

కుక్కకు మూలపురుషుడు తోడేలు. ఆవు, గొర్రె, కోడి వీటన్నింటికంటె ముందు మనిషికి మచ్చికైనది కుక్కే. అప్పటికి వ్యవసాయమే లేదు. జర్మనీలో బాన్ పట్టణం పక్కన ఒబర్కాసెల్ అనే చోట 1914లో రాళ్లు కొట్టే పనివాళ్లకు ఒక పాత సమాధి దొరికింది. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, వాళ్లతో ఒక కుక్క. సుమారు 14,000 ఏళ్ల నాటి ఎముకలు అవి. ఆ కుక్క పళ్లను శాస్త్రజ్ఞులు పరీక్షించి 2018లో ఒక సంగతి ప్రకటించారు. అది ఏడు నెలల పిల్ల అట. చావుకు ముందు దానికి డిస్టెంపర్ అనే జబ్బు చేసి, వారాల తరబడి తీసుకొన్నదట. ఎవరో ఒకరు నీళ్లు తాగించి, వెచ్చగా ఉంచి, కనిపెట్టుకొని ఉంటే తప్ప ఆ జబ్బులో అన్నాళ్లు బతకదు. వేటకు రాని, కావలికి పనికిరాని జబ్బు పిల్ల అది. చూడండి, గింజ నాటడం నేర్వకముందే మనిషి కుక్కకు సేవ చేశాడు!

మన దగ్గరి ఆనవాళ్లూ తక్కువేమీ కావు. కాశ్మీరులోని బుర్జహోంలో రాతియుగపు మనుషుల సమాధులలో కుక్కల ఎముకలు దొరికినవి. సింధు లోయలో చన్హుదారో అనే చోట 1935-36లో తవ్వకాలు జరిపినప్పుడు ఒక ఇటుక దొరికింది. దానిమీద ఒక పిల్లి అడుగు, దాన్ని కొంచెం తొక్కుతూ ఒక కుక్క అడుగు ఉన్నవి. పచ్చి ఇటుకలు ఆరబెట్టిన కళ్లంలో కుక్క పిల్లిని తరిమిందన్న మాట. ఇటుకబట్టీ పెట్టిన మీలో ఎవరికైనా ఆ ఇటుక చేసినవాడి చిరాకు తెలియకుండా ఉండదు.

మన పక్క కన్నడ దేశంలో ఆతకూరు శిలాశాసనం ఉన్నది. క్రీ.శ. 949లో తక్కోలం యుద్ధం జరిగిన తరువాత, గంగరాజు బూతుగుడు మణలేరుడు అనే వీరుణ్ణి మెచ్చుకొని ఏమి కావాలో కోరుకోమన్నాడు. ఊళ్లు అడగలేదు ఆయన. 'కాళి' అనే రాజుగారి వేటకుక్కను అడిగి తెచ్చుకొన్నాడు. ఆ కాళి ఒక పెద్ద అడవిపందితో పోరాడి, దాన్ని చంపి తానూ చచ్చింది. దాని పేర శిల నిలిపి, పూజకు భూమి ఇచ్చారు. కుక్కా పందీ కలబడుతున్న ఆ రాయి ఇప్పుడు బెంగుళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. కుక్క పేర మాన్యం! అడవిపందుల బెడద పడే రైతులకు ఇందులో వింత కనిపించదనుకొంటాను.

ఇక తిండి సంగతికి వస్తాను. అసలు విషయమంతా ఇక్కడే ఉన్నది. "కుక్కకు మాంసమే పెట్టాలా, గంజీ సంగటీ పెట్టవచ్చునా?" అని మీరు అడుగుతుంటారు. 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు దీనికి పాతకాలపు జవాబు ఒకటి కనిపెట్టారు. పిండిపదార్థాన్ని అరిగించే రసాన్ని పుట్టించే జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కలలో నాలుగు మొదలు ముప్పై దాకా ఉన్నవట. మనిషి వ్యవసాయం నేర్చి ధాన్యం తినసాగిన తరువాత, ఆ మెతుకే తిని తిని కుక్క పొట్ట మారింది. కనుక మన ఇంటి అన్నం, సంగటి, రొట్టె దానికి అరుగుతవి. ఐతే అవి ఒక్కటే చాలవు. ఉడికించిన గుడ్డో, పప్పో, కాస్త మాంసమో కలపవలసిందే. ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్టు దానికి విషం. ఎలుకలకు పెట్టిన జింకు ఫాస్ఫైడు ఎర సంగతి చెప్పనే అక్కరలేదు, ఆ ఎర పెట్టిన రాత్రి కుక్కను కట్టివేయండి. ఇంకొక మాట. గోమార్లు పట్టినవని పత్తికి కొట్టే మందు నీళ్లలో కలిపి కుక్కమీద పోసినవాళ్లను నేను చూశాను. ఆ పని చేయవద్దు. అది ఒళ్లు నాకుతుంది, మందు లోపలికి పోతుంది. కుక్కల గోమార్లకు వేరే మందులు పశువుల ఆస్పత్రిలో చెపుతారు.

గొర్రెలున్న ఇళ్లవారు ఈ తరువాతి కథ జాగ్రత్తగా వినండి. ఉత్తరాన మంచుదేశం ఐస్‌లాండులో 19వ శతాబ్దంలో మనుషుల కడుపులో, కార్జంలో నీటితిత్తులు పుట్టే రోగం ఊరూరా ఉండేది. 1863లో హరాల్డ్ క్రబ్బే అనే డెన్మార్కు శాస్త్రజ్ఞుడు అక్కడికి పోయి 100 కుక్కలను కోసి చూస్తే 28 కుక్కల పేగులలో చిన్న బద్దెపురుగు కనిపించింది. కారణం ఇది: గొర్రెను కోసినప్పుడు తిత్తులున్న కార్జం, ఊపిరితిత్తులు కుక్కకు విసిరేవారు. కుక్క కడుపులో అది పురుగవుతుంది. దాని గుడ్లు కుక్క పెంటతో బయటపడి, గడ్డి ద్వారా గొర్రెలోకీ, దాని ఒంటిని నిమిరిన చేతి ద్వారా మనిషిలోకీ చేరుతవి. క్రబ్బే ఏమి చేశాడనుకొన్నారు? ఒక చిన్న పుస్తకం రాశాడు. దాన్ని 1864లో అచ్చువేసి ఆ దేశంలో ఇంటింటికీ ఉచితంగా పంచారు. అక్కడ రాత్రులు పొడుగు, చదువు వచ్చినవారు ఎక్కువ. చదివారు, పాటించారు. 1869 మొదలు కుక్కలపై చట్టాలూ వచ్చినవి. రాజధాని రెయిక్యావిక్ ఐతే 1924లో కుక్కల పెంపకాన్నే నిషేధించింది, అది మరీ విడ్డూరం. మొత్తంమీద 20వ శతాబ్దంలో ఆ రోగం అక్కడ లేకుండా పోయింది. కరపత్రాలు పంచే ఉద్యోగంలో ఉన్న నాకు ఈ కథంటే ఎంత ప్రీతో మీరే ఊహించుకోండి.

మన దేశంలో ఆ రోగం ఇంకా ఉన్నది. మంద దగ్గర గొర్రెను కోసినప్పుడు తిత్తులు కనిపించిన భాగాలను కుక్కకు వేయక లోతుగా పాతిపెట్టండి. మామూలు కార్జమైనా బాగా ఉడికించి పెట్టండి. మూడు నెలలకొకసారి కుక్క బరువు చెప్పి పురుగుల మందు తెచ్చి వేయండి. కుక్కను ముట్టుకొన్న పిల్లలు చేతులు కడుక్కొని కంచం దగ్గర కూర్చోవాలి.

మచ్చిక సంగతి. "కుక్కతోక వంకర" అని మనవాళ్లు తీర్మానం చేసి ఊరుకొన్నారు గాని, తోక సంగతి ఏమైనా బుద్ధి మాత్రం తిన్నగానే నేర్చుకొంటుంది. వేల్సు దేశంలో బాలా అనే ఊళ్లో 1873లోనే మంద కుక్కల పోటీ పెట్టారు. కాపరి దూరాన నిలబడి ఈల వేస్తే కుక్క గొర్రెలను తోలుకొని రావాలి. అలాంటి పని కర్రతో నేర్పితే రాదు. రష్యాలో పావ్లోవ్ అనే ఆయన కుక్కల జీర్ణశక్తిని పరీక్షిస్తూ ఒకటి గమనించాడు. తిండి రాకముందే, తిండి తెచ్చేవాడి అడుగుల చప్పుడుకే కుక్క నోట్లో నీరూరేది. ఒక గుర్తు వెంటనే తిండి వస్తూ ఉంటే ఆ గుర్తే తిండితో సమానమవుతుందన్న మాట. 1951లో అమెరికాలో స్కిన్నర్ అనే మానసిక శాస్త్రవేత్త దీన్నే ఇంటిలో చేయదగిన పద్ధతిగా రాశాడు. కుక్క మనం కోరిన పని చేసిన క్షణమే చిన్న చప్పుడు, ఆ వెంటనే ఒక ముక్క.

మీరు చేయవలసింది ఇంతే. కూడు పెట్టేముందు పేరు పెట్టి ఒక్కసారి పిలవండి. వస్తే పెట్టండి. గిన్నెను దాని తలపైకి కొంచెం ఎత్తితే అదే వెనక్కు కూర్చుంటుంది, అప్పుడు "కూర్చో" అనండి, గిన్నె దించండి. ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడాలి. ఒకరు "కూర్చో" అని, ఒకరు "సిట్" అని, ఒకరు రాయి విసిరితే దానికి ఏమి అర్థమవుతుంది? తప్పు జరిగిన గంట తరువాత కొట్టడం శుద్ధ దండగ. మీ చెయ్యి చూస్తే భయపడడం ఒక్కటే అది నేర్చుకొంటుంది. భయపడిన కుక్కే ఎక్కువ కరుస్తుంది. తినేటప్పుడు, పిల్లల తల్లిగా ఉన్నప్పుడు చిన్నపిల్లలను దాని దగ్గరకు పోనీయకండి. "మొరిగే కుక్క కరవదు" అన్న సామెతను నమ్ముకోవద్దు, మొరిగీ కరిచే కుక్కలు బోలెడు.

పగలంతా జానెడు గొలుసుకు కట్టేయడం కూడా మంచిది కాదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోనే ఈ మాట ఉన్నది. పొట్టి గొలుసుతో చాలాసేపు కట్టివేయడం, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం నేరమని అందులో రాశారు. ఉదయం, సాయంత్రం చేను గట్టు దాకా తిప్పితే చాలు, మొరుగుడు సగం తగ్గుతుంది.

చివరకు పిచ్చికుక్క కాటు. 1885 జూలై 6న పారిస్‌లో జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల బాలుడికి లూయీ పాశ్చర్ మొట్టమొదట టీకా వేయించాడు. ఎండబెట్టిన కుందేలు వెన్నుపాముతో చేసిన మందు, మొత్తం 13 సూదులు. వాడు బతికాడు. తొమ్మిదేళ్లు అని చదివినప్పుడు నాకు ఆ గొర్రెల కాపరి కొడుకే కళ్ల ముందు కదిలాడు. మన దేశంలో 1900లో కసౌలీలోను, దక్షిణాదికి 1907లో నీలగిరి కొండల్లోని కూనూరులోను పాశ్చర్ సంస్థలు పెట్టారు. 1911లో డేవిడ్ సెంపుల్ గొర్రె మెదడుతో చేసిన టీకా వచ్చింది. మన పెద్దలు చెప్పే "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు" అవే. ఆ నొప్పికి జడిసి నాటువైద్యానికి పోయినవారెందరో. కొందరికి ఆ సూదులతోనే పక్షవాతం కూడా వచ్చేది. 2004 చివరతో మన దేశంలో ఆ టీకా తయారీ ఆగిపోయింది. ఇప్పుడు సూదులు చేతికే. చర్మంలో వేసే పద్ధతిలో ఐతే మొదటి సూది రోజును సున్నాగా లెక్కపెట్టి, తిరిగి 3, 7, 28వ రోజులలో వేస్తారు. నెత్తురు వచ్చిన గాయమైతే దానిలోనే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా వేయించాలి. ముందుగా పావుగంట సేపు సబ్బు, ధారగా నీళ్లు. సున్నం, పసుపు, మిరపపొడి, ఆకుపసరు ఏదీ వద్దు. "కుక్క చస్తుందేమో చూద్దాం" అని ఆగవద్దు. ఒకసారి రోగలక్షణాలు పైకి వచ్చిన తరువాత దాదాపు ఎవరూ బతకరు.

కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే రేబీస్ టీకా వేయించాలి, తరువాత ఏడాదికొకసారి. ఇందాక ఒబర్కాసెల్ పిల్ల జబ్బని చెప్పానే, ఆ డిస్టెంపర్‌కూ, 1978లో ప్రపంచంలో బయటపడిన పార్వో జబ్బుకూ టీకాలు ఇంకా ముందే, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులోనే మొదలుపెట్టి డాక్టరు చెప్పినట్లు మళ్లీ మళ్లీ వేయించాలి.

మొన్న సంక్రాంతి తరువాత ఆ ఇంటికి మళ్లీ పోయాను. అబ్బాయి ఇప్పుడు ఆరో తరగతి. ఏడాదిగా వాళ్లు కుక్క వద్దన్నారట గాని, మంద కాపలాకు లేకపోతే జరగక ఒక నల్లపిల్లను తెచ్చారు. మట్టిచిప్ప పట్టుకొని వాడు "కూర్చో" అంటే అది కూర్చున్నది. టీకా వేయించారా అని ఈసారి గడపలోనే అడిగాను. నాయనమ్మ లోపలికి పోయి పట్టాదారు పాసుపుస్తకం తెచ్చింది. అందులో మడతపెట్టి దాచి ఉన్నది, పశువుల ఆస్పత్రి వాళ్లు రాసిచ్చిన చీటీ.