క్యూబా: వాణిజ్య ఆంక్షల నడుమ ప్రజారోగ్యం

కరీబియన్ ద్వీప దేశం క్యూబాపై అమెరికా 1962 ఫిబ్రవరిలో దాదాపు పూర్తి వాణిజ్య నిషేధం విధించింది. ‘లిబ్రెతా’ అనే రేషన్ పుస్తకం అక్కడ మొదలైందీ ఆ ఏడాదే. వైద్యం ఉచితం. 1984లో పేటపేటకూ ఒక కుటుంబ వైద్యుడు, ఒక నర్సు ఉండే పద్ధతి వచ్చింది. చాలాచోట్ల వైద్యుడి కాపురం క్లినిక్ మీది అంతస్తులోనే.

క్యూబాకు అండగా ఉన్న సోవియట్ యూనియన్ 1991లో కూలిపోవడంతో చమురుకూ తిండికీ కటకట మొదలైంది. జనం సైకిళ్లెక్కారు, చిక్కిపోయారు. ముఖ్యంగా బి విటమిన్లు అందక 50 వేలమందికి పైగా నరాల జబ్బు వచ్చింది. చాలామందికి చూపు మందగించింది. 1993లో ప్రభుత్వం దేశమంతటా విటమిన్ మాత్రలు పంచాకే అది తగ్గుముఖం పట్టింది. ఆంక్షల్లో మందులకు మినహాయింపు ఉందంటారు గానీ, లైసెన్సుల తతంగం దాటడం తేలిక కాదు.

తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ, సిఫిలిస్ సోకకుండా అరికట్టిన తొలి దేశంగా 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యూబాను గుర్తించింది. 2021లో అబ్దాలా, సొబెరానా అనే సొంత కోవిడ్ టీకాలు వచ్చాయి. అయితే మందుల కొరత లాంటి నేటి కష్టాలన్నిటినీ ఆంక్షల ఖాతాలో వేయలేం. ప్రభుత్వ ఆర్థిక విధానాలకూ, వైద్యుల వలసకూ వాటా ఉంది. ఇప్పుడు చాలామంది రోగులు విదేశాల్లోని బంధువులు పంపే మందులపైనే ఆధారపడుతున్నారు.