ఫర్మాయిష్

మా చరిత్ర రాయమంటే కలం దానంతటదే కొన్ని తేదీల దగ్గరికి పోతుంది. 1948. 1992. 2002. అవి రాయవలసినవే. రాశాం, ఇంకా రాస్తాం. కాని ఆ తేదీల మధ్య మేం ఏం చేశాం? వండుకున్నాం, నిఖాలు చేసుకున్నాం, పాటలు విన్నాం. ఈ మూడోదాన్ని ఎవరూ రాయలేదు. బయటివాళ్ళకు మేమంటే నవాబుగారి మెహఫిల్, లేదంటే అల్లరి మూక. పెంకుటింట్లో దూదేకుతూ రేడియో వినే సాయిబు ఏ పుస్తకంలోనూ లేడు. మా వాళ్ళకూ అది చిన్న విషయమే. మేం ఆ చిన్న విషయమే రాస్తున్నాం.

హైదరాబాదులో 1933లో మహబూబ్ అలీ అనే ఆయన సొంతంగా ఒక రేడియో కేంద్రం పెట్టాడు. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. అదే దక్కన్ రేడియో. 1950లో ఆకాశవాణిలో కలిసిపోయింది. అది నగరం కథ. మాలాంటి చిన్న ఊళ్ళ సాయిబుల ఇళ్ళలోకి రేడియో ఆలస్యంగా, మరో దారిన వచ్చింది. చిత్రంగా ఆ దారి వేసింది ఒక మంత్రి.

1952లో బి.వి. కేస్కర్ కేంద్ర సమాచార ప్రసారాల మంత్రి అయ్యాడు. పదేళ్ళు ఉన్నాడు. ఆయనకు సినిమా పాట చౌకబారు సరుకు. అంతటితో ఆగలేదు. ఉత్తరాది సంగీతం ముస్లింల చేతుల్లో పడి చెడిందని, సంస్కృతం రాని ఉస్తాదులు దాన్ని దేవుడికి దూరం చేశారని ఆయన అభిప్రాయం. తరాల తరబడి గొంతు అరగదీసుకున్న ఘరానాలకు దక్కిన బిరుదు ఇది! ఆయన హయాంలో ఆకాశవాణి నుంచి సినిమా పాట దాదాపు మాయమైంది. జనం ఊరుకున్నారా? రేడియో ముల్లు సిలోన్ వైపు తిప్పారు. ఆ ఏడాది డిసెంబరులోనే అక్కడ బినాకా గీత్‌మాలా మొదలైంది. అందులో మాట్లాడేది అమీన్ సయానీ.

బొంబాయిలో రికార్డు చేసిన టేపులు కొలంబో వెళ్ళి, అక్కణ్ణుంచి గాలిలో తిరిగి మన ఇళ్ళకే వచ్చేవి. సయానీ భాష ఉర్దూ అంటే ఉర్దూ, హిందీ అంటే హిందీ. అది ఆయనకు ఇంట్లోనే అబ్బింది. తల్లి కుల్సుం సయానీ 'రహబర్' అనే పత్రికను తేలిక హిందుస్తానీలో, నాగరి, ఉర్దూ, గుజరాతీ మూడు లిపుల్లో అచ్చువేసేది. కొడుకు ఆ పనిలో చేయి వేస్తూ పెరిగాడు. పొద్దున ఉర్దూ వార్త, సాయంత్రం తెలుగు వార్త రాసి బతికే మాకు ఆ పత్రిక సంగతి తెలిసిన రోజు ఎంత సంతోషమయిందో చెప్పలేం. ఒకే మాటను మూడు లిపుల్లో పెట్టడం ద్రోహం కాదని మాకంటే ముందు ఒక అమ్మ చేసి చూపించింది.

సయానీ పలకరింపులో 'బెహనోం' ముందు, 'భాయియోం' తర్వాత. మా దాదీ అది పట్టుకుంది. పరదా వెనక ఉన్న ఆడదాన్ని మొదట పిలిచిన మగాడు వీడొక్కడే అనేది. అజాన్ వినబడగానే రేడియో గొంతు తగ్గించేది, కొంగు తలమీదికి లాక్కునేది, నమాజు అయ్యాక మళ్ళీ పెంచేది. పాట హరామని చుట్టాల్లో ఒక పెద్దాయన కోప్పడితే, ఆయనకు చాయ్ ఇచ్చి, ఆయన వెళ్ళేదాకా రేడియోమీద గుడ్డ కప్పి ఉంచింది. వాదించలేదు. ఆయన వెళ్ళగానే గుడ్డ తీసింది.

వాదన వేరే చోట నుంచి వచ్చింది. 1971 యుద్ధం రోజులు. షార్ట్‌వేవ్‌లో సిలోన్ కోసం దాదా ముల్లు తిప్పుతుంటే కరకరమని ఏవేవో గొంతులు దొర్లేవి. సాయిబు పాకిస్తాన్ రేడియో పెడుతున్నాడని వీధిలో పుకారు. లతా పాట కోసమని ఎవరికి చెప్పుకుంటాం? కొన్నాళ్ళు ఆ రేడియో మూగదయింది. ఇది ఏ అల్లర్ల జాబితాలోకీ రాదు. ఎవరూ చావలేదు, ఏ ఇల్లూ కాలలేదు. ఓ ముసలాయన పాట వినడం మానేశాడు, అంతే.

1957లోనే ఆకాశవాణి దిగివచ్చి వివిధభారతి పెట్టింది. మేం పెరిగింది దాంతోనే, జనరంజనితో. పాటకంటే ముందు వచ్చే పేర్లంటే మాకు ప్రాణం. మస్తాన్‌బీ, సుబ్బమ్మ, ఖాసిం, ఏసోబు అంటూ ఒకే ఊపిరిలో చదివేవాళ్ళు. ఓటర్ల జాబితాలో, బడి హాజరుపట్టీలో పేరు పిలిస్తే మాకు లోపల ఏదో బిగుసుకునేది. ఇక్కడ మాత్రం మా పేరు రావాలని కార్డుమీద కార్డు రాసేవాళ్ళం.

ఓ తెల్లవారుజామున రేడియోలో నాదస్వరం. అబ్బా చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చివర్లో పేరు చెప్పారు. షేక్ చిన మౌలానా. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డ తెలుగు సాయిబు, గుడి వాద్యానికి తరతరాలుగా ఊపిరి పోసిన కుటుంబం. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. మరుసటి ఏడు వెళ్ళిపోయాడు. కేస్కర్ లెక్కలో ఈయన ఎక్కడ పడతాడో మాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఇప్పుడు రేడియో పోయి చేతిలో ఫోనుంది. మమ్మల్ని దేశం వదిలి పొమ్మనే వీడియో, దాని కిందే చిన మౌలానా కచేరీ, ఆ కింద అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ ఖవ్వాలీ, అన్నీ అందులోనే వస్తాయి. మొదటిది వేలితో పైకి తోసేసి మిగతావి వింటాం. 2024 ఫిబ్రవరిలో సయానీ పోయాడని తెలిసిన రాత్రి గీత్‌మాలా పాత ముక్క ఒకటి వెతికి అమ్మీకి వినిపించాం. కళ్ళు మూసుకుని విన్నది. పాట అయ్యాక ఫోను వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది.

"పేర్లు చదవలేదేం రా? ఇది ఎవరి ఫర్మాయిష్?"

"నీదే అమ్మీ" అన్నాం.

"మరి నా పేరు చెప్పలేదుగా" అంది.